బరంపురంలో సినిమా తీయబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చి॥ల॥సౌ॥ మేనకోడలికి మావయ్య దీవెనలు.

నీ స్క్రిప్టు అందింది, చదివాను. కథ జోలికి నేను రాను, అది నీది. సూరత్ మరమగ్గాల మిల్లుల్లో ఏళ్లు గడిపి తిరిగొచ్చిన మొగుడు, బరంపురం పాత వీధిలో పట్టు మగ్గం పక్కనే కాపురం వెళ్లదీసిన పెళ్లాం. ఫోనులో రోజూ మాట్లాడుకున్నవాళ్లే ఎదురుపడేసరికి మాటల్లేక బిగుసుకుపోతారు. ఒడిశా గంజాం జిల్లాలో ఈ కథ తెలియని వీధి లేదు గనక చూసేవాళ్లకి విడమరిచి చెప్పే పని నీకు తప్పింది. నా పేచీ అంతా పేజీల అంచుల్లో నువ్వు పెన్సిలుతో రాసుకున్న మాటలతోనే. ‘ఇక్కడ ఊరి అందం’, ‘ఇక్కడ బజారు సందడి’, ‘ఇక్కడ సముద్రం వైడ్’. ముందు రబ్బరు తీసుకుని అవన్నీ చెరిపెయ్.

నువ్వు తీస్తున్నది ఇద్దరు మనుషుల మధ్య ఉన్న ఎడాన్ని. ఊరు చేసే పనల్లా ఆ ఎడాన్ని ఒకచోట దాచిపెట్టడం, ఇంకోచోట బయటపెట్టడం. ఇరుకు సందులో, స్కూటరు మీద, షేరింగ్ ఆటోలో మొగుడూ పెళ్లాలు భుజాలు రాసుకుంటూ ఉంటారు. చోటు లేక వచ్చిన దగ్గరతనం అది. అదే జంటని గోపాల్‌పూర్ సముద్రపు ఇసకలో వదిలెయ్. తోసేవాళ్లు లేరు, ఇక్కడ నిలబడమని చెప్పేవాళ్లు లేరు. అక్కడ తమంతట తాము ఎంత దూరంలో ఆగుతారో అదే వాళ్ల అసలు దూరం. నీ సినిమా ఈ రెండు రకాల చోట్ల మధ్య నడవాలి. లెన్సులు, లైట్లు, రంగులు దీని తర్వాతి మాట.

అందుకని మొదటి రెక్కీకి (షూటింగు చోట్లు చూసొచ్చే తిరుగుడికి) కెమెరా తీసుకెళ్లకు. 50 అడుగుల టేపు, ఒక నోటుబుక్కు, ఫోనులో దిక్సూచి చాలు. ప్రతి సీనుకీ ఒక పేజీ పెట్టు. ఇద్దరి తలల మధ్య ఎన్ని అడుగులు, మధ్యలో ఏముంది (మగ్గం, మంచం, గ్యాసు బండ, అత్తగారు), ఎవరు కూర్చున్నారు ఎవరు నిలబడ్డారు, గుమ్మానికి ఎవరు దగ్గర. ఈ ఆఖరిది చాలామంది రాసుకోరు. గుమ్మానికి దగ్గరున్న మనిషి ఎప్పుడైనా లేచి వెళ్లిపోగల మనిషి. మొదటి రాత్రి సీనులో నువ్వు అతన్ని లోపలి మంచం మీద, ఆమెని వంటింట్లో పెట్టావు. తిరగెయ్. అతన్ని వీధి గుమ్మం పక్కన, ఇంకా జిప్పు తీయని బ్యాగు దగ్గర కూర్చోబెట్టు. ఇల్లు ఆమెది, వచ్చినవాడు చుట్టం అని ఒక్క డైలాగు లేకుండా తెలుస్తుంది. అప్పుడు ‘నువ్వు నాకు పరాయివాడిలా ఉన్నావు’ అన్న ఆ మాట కొట్టెయ్యొచ్చు. (కొట్టెయ్. అది ఎలాగూ బాగాలేదు.)

పేజీలన్నీ నేలమీద వరసగా పరిచి అడుగుల అంకెలు మాత్రం చదువుకో. 8, 6, 5, 3, 1 అంటూ బుద్ధిగా తగ్గిపోతుంటే చివర ఏమవుతుందో మొదటి ఐదు నిమిషాల్లోనే చూసేవాడికి తెలిసిపోతుంది. ఇంట్లో 7, బజారులో 1, మళ్లీ ఇంట్లో 8, స్కూటరు మీద అంగుళం లేదు, ఇసకలో 10, ఆ తర్వాత ఇంట్లో 4. ఇలా ఎగుడుదిగుడుగా ఉండాలి. స్కూటరు తర్వాత వెంటనే ఇసక రావడం చాలా ముఖ్యం. రెండు అంకెలూ ఒకదాని పక్కన ఒకటి పడితేనే దెబ్బ తగులుతుంది. నీ స్క్రిప్టులో వాటి మధ్య టీ కొట్టు సీను అడ్డం వచ్చింది, దాన్ని వేరేచోటికి జరుపు.

ఇప్పుడు లెన్సు. నీ చేతిలో ఉన్నది ఏపీఎస్‌సీ సెన్సారు (బొమ్మని పట్టే చిప్పు, మధ్యరకం సైజుది) కెమెరా, దాంతోపాటే వచ్చిన 18–55 మిల్లీమీటర్ల కిట్ లెన్సు, విడిగా ఒక 50. అంకె చిన్నదైతే వైడ్, పెద్దదైతే పొడుగు. అవి సరిపోతాయి, అద్దెకి ఏమీ తేకు. వైడ్ లెన్సు మనుషుల్ని దూరం చేస్తుంది, పొడుగు లెన్సు దగ్గర చేస్తుంది అని అందరూ అంటారు. నిజానికి ఆ పని చేసేది కెమెరా నిలబడ్డ చోటు. లెన్సు ఫ్రేము అంచులు కత్తిరిస్తుంది, అంతే. ఇంట్లోనే చేసి చూడు. ఇద్దరిని ఒకరి వెనక ఒకరిని 6 అడుగుల ఎడంతో, తలలు ఒకదానికొకటి అడ్డం రాకుండా కాస్త పక్కకి జరిపి నిలబెట్టు. ముందున్న మనిషికి 8 అడుగుల్లో కెమెరా పెట్టి 18లో తియ్యి. తర్వాత 22 అడుగులకి వెనక్కి వెళ్లి 50లో తియ్యి. ముందు మనిషి రెండు షాట్లలోనూ ఒకే సైజు, ఫ్రేము వెడల్పు కూడా ఆ మనిషి దగ్గర రెండిట్లోనూ 10 అడుగుల పైచిలుకే. కానీ వెనక మనిషి తల మొదటి షాట్‌లో ముందు తలలో 57 శాతం, రెండో దాంట్లో 79 శాతం. 8ని 14తో, 22ని 28తో భాగిస్తే వచ్చే లెక్కే అది. మనుషులు అడుగు కదల్లేదు, కెమెరా కదిలింది.

ఇంటి సీన్లు దగ్గర నుంచి 18లో తియ్యి. గది చిన్నదే అయినా ఆమె అవతలి ఒడ్డున ఉన్నట్టు అనిపిస్తుంది. బజారు దూరం నుంచి 50లో తియ్యి. సైకిళ్లు, బుట్టలు, జనం అన్నీ వాళ్ల మీదికి వచ్చిపడి ఆ జంటని ఒకటిగా నొక్కేస్తాయి. మూడో పద్ధతి ఇద్దరినీ కలిపే గీతకి లంబంగా, సరిగ్గా పక్కనుంచి తీయడం. అందులో ఏ మాయా ఉండదు, 10 అడుగులు 10 అడుగుల్లాగే కనిపిస్తాయి. దాన్ని సినిమా మొత్తంలో గోపాల్‌పూర్ సీను ఒక్కదానికే దాచుకో. ఇంకెక్కడ వాడినా అక్కడ పని చేయదు.

ఒక జాగ్రత్త. 18 పెట్టుకుని ముఖానికి రెండడుగుల్లోకి వెళ్లకు, ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ఆమె వెక్కిరింతగా కనిపిస్తే సినిమా అక్కడే పోయినట్టు. క్లోజప్ అంటే 6 అడుగుల్లో నిలబడి 50.

ఆ 50 మీద ఎఫ్ 1.8 ఉందని మురిసిపోతున్నావు కదా, దాని సంగతి చెబుతాను. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు. 6 అడుగుల దూరంలో ఎఫ్ 2 పెడితే నీ సెన్సారు మీద ఫోకస్‌లో నిలిచే లోతు సుమారు 4 అంగుళాలు. ఎఫ్ 5.6 అయితే అడుగు. ఇద్దరి తలల మధ్య అడుగు లోతు తేడా ఉంటే ఎఫ్ 2లో ఒకరు మసకబారక తప్పదు. ఎవరు మసకబారాలో నువ్వు నిర్ణయించకపోతే కెమెరా ఆటోఫోకస్ నిర్ణయిస్తుంది, అది దగ్గరున్న ముఖాన్నే పట్టుకుంటుంది. ఇంకా పెద్ద నష్టం వీధిలో జరుగుతుంది. ఎఫ్ 1.8లో బరంపురం కాస్తా రంగు చుక్కలైపోతుంది. అది విజయవాడో ముంబై విరారో ఎవరికీ తెలియదు. బయట ఎఫ్ 5.6కీ 8కీ మధ్య ఉండు. వెనక ఒడియా అక్షరాల బోర్డు, తెలుగు పెళ్లి బ్యానరు, పట్టు చీరల షాపు పేరు, మూడూ చదివేంత స్పష్టంగా ఉండాలి. ఆమె ఎక్కడ ఇరుక్కుందో అవే చెబుతాయి. మసక నేపథ్యం ఒక్కచోటే పెట్టుకో, ఆమె అతని మాట వినడం మానేసే క్షణంలో.

మీ పాత వీధుల ఇళ్లు ఈ సినిమాకి దొరికిన వరం. సన్నగా, పొడుగ్గా, పక్కింటి గోడకి గోడ కలిసి ఉంటాయి. వీధి అరుగు, ముందు గది, మగ్గం గది, పైకప్పు లేని చిన్న నడిమి వాకిలి, వంటిల్లు, పెరడు. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉన్న ఇల్లు చూసుకో. ఇంట్లో 22 అడుగులు ఎక్కడ దొరుకుతాయని అడగబోతున్నావు, ఇక్కడే. వీధి గుమ్మంలో కెమెరా పెట్టి వంటింటి దాకా చూడొచ్చు. ఒక్కొక్క గుమ్మం ఒక్కొక్క ఫ్రేము. అతను మొదటి గుమ్మంలో, ఆమె మూడో గుమ్మంలో ఉంటే మధ్యలో మగ్గం గది ఖాళీగా కూర్చుంటుంది.

హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కర్-వై 2000లో తీసిన ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’ ఎలాగైనా సంపాదించి చూడు. 1960ల హాంకాంగ్, పక్కపక్క అద్దె గదులు, మనిషి మనిషిని తప్పుకుని నడవాల్సిన మెట్లు. కెమెరా చాలాసార్లు గుమ్మం అవతలే ఆగిపోతుంది, పొరుగువాళ్లు తొంగిచూసినట్టు. కథ నడిపే ఆడా మగా ఇద్దరి జీవిత భాగస్వాముల ముఖాలు సినిమాలో ఎక్కడా చూపించరు. అందులోంచి నువ్వు తీసుకోవాల్సింది ఈ చివరి సంగతి. నీ వీడియో కాల్ సీన్లలో మొగుడి ముఖం చూపించకు. ఫోను తెర వెలుగు ఆమె ముఖం మీద, అతని గొంతు మాత్రం మనకి. తెర మీద తెల్లటి బొమ్మ పెట్టి, బ్రైట్‌నెస్ నిండా పెంచి, ముఖానికి అడుగు దూరంలో పట్టించు. గదిలో మిగతా లైట్లు ఆపితే ఆ వెలుగు సరిపోతుంది. అతను నిజంగా ఇంటికొచ్చినప్పుడే చూసేవాడు కూడా అతని ముఖం మొదటిసారి చూడాలి. ఆమెకున్న కొత్త మనకీ ఉంటుంది.

గుమ్మాల ఫ్రేములు మాత్రం మూడు నాలుగు చోట్ల మించి వాడకు. ప్రతి షాట్‌లో తలుపు చట్రం కనిపిస్తే మనుషుల్ని వదిలేసి కెమెరామన్ తెలివిని చూస్తూ కూర్చుంటారు.

కెమెరా ఎత్తు గురించి ఒక్క ముక్క. నీ సీన్లలో సగం నేలమీద, చాప మీద. నేలమీద కూర్చున్న మనిషి కళ్లు సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. ట్రైపాడ్‌ని అంత కిందికి దించకుండా అందరూ పై నుంచి తీసేసి పాపం అన్న చూపు తెచ్చిపెడతారు. గుడ్డ సంచిలో రెండు కిలోల బియ్యం పోసి మూతి కుట్టి, ఆ ఎత్తుకి సరిపడే పీట మీద వేసి, దాని మీద కెమెరా కూర్చోబెట్టు. ఎటు తిప్పితే అటు కుదురుతుంది. అతను కుర్చీలో, ఆమె నేలమీద ఉన్న సీనులో ఇద్దరి షాట్లూ ఆమె కళ్ల ఎత్తు నుంచే తియ్యి. కథ ఎవరి పక్షమో అక్కడ తేలుతుంది.

ఇద్దరు మాట్లాడుకునే సీన్లలో మొదట గీత గీసుకో. ఒకరి కళ్ల నుంచి ఇంకొకరి కళ్లకి ఊహలో ఒక గీత, కెమెరా దానికి ఒకే పక్కన. లైను క్రాస్ చేస్తే ఇద్దరూ ఒకేవైపు చూస్తున్నట్టు పడుతుంది, ఎడిటింగులో దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఇరుకు గదిలో ఇది తెలియకుండానే జరిగిపోతుంది. అవతలి గోడకి వెళ్తే చోటు బాగుందని కెమెరా మారుస్తారు, అంతే. చాక్‌పీసుతో నేలమీద నిజంగానే గీత గియ్యి, సిగ్గుపడకు.

తర్వాత నిర్ణయం భుజం గురించి. ఆమె మాట్లాడుతుంటే ఫ్రేములో అతని భుజం ఉంటుందా, ఉండదా? భుజం ఉంటే ఇద్దరూ ఒకే చోట ఉన్నట్టు, లేకపోతే ఎవరి ఫ్రేములో వాళ్లు ఒంటరి. నీ సినిమాలో దెబ్బలాట దాకా ఇంటి సీన్లలో భుజం కనిపించకూడదు. దెబ్బలాటలోనే మొదటిసారి కనిపించాలి, ఎందుకంటే తిట్టుకున్నప్పుడే వాళ్లు మొదటిసారి ఒకరితో ఒకరు మాట్లాడుతున్నారు. చూపు సంగతి కూడా ఇలాగే. నటి చూసే బిందువు లెన్సుకి జానెడు దూరంలో ఉంటే మనకి చాలా దగ్గరగా అనిపిస్తుంది, రెండడుగుల అవతల ఉంటే మనం బయటివాళ్లం. లెన్సు పక్కన స్టాండుకి రంగు టేపు ముక్క అంటించి చూపించు, లేకపోతే టేకు టేకుకీ చూపు మారిపోతుంది.

లైటు. డిసెంబరు, జనవరిల్లో తీస్తానన్నావు, మంచి నిర్ణయం. ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన అక్షాంశంలో 47, 53 డిగ్రీల ఎత్తు దాటడు, దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు. జూన్‌లో అయితే దాదాపు నడినెత్తిన ఉండి కంటి గుంటల్లో మసి పూస్తాడు. దిక్సూచి ఎందుకంటే ఇందుకే. తూర్పు పడమరలుగా సాగే సందులో చలికాలం మధ్యాహ్నం దక్షిణపు వరస ఇళ్ల నీడ సందు నిండా పరుచుకుంటుంది, ఉత్తరపు వరస అరుగుల మీద కూర్చున్నవాళ్ల ముఖాలకి ఎండ తగులుతుంది. ఒకరిని ఈ అరుగు మీద, ఒకరిని ఆ అరుగు మీద కూర్చోబెడితే లైటు పెట్టకుండానే ఒకరు వెలుగులో, ఒకరు నీడలో. ఉత్తర దక్షిణాల సందులో ఎండ అడుగుదాకా దిగేది పన్నెండు ప్రాంతంలో కాసేపే, మిగతా రోజంతా మెత్తటి నీడ వెలుగు. మాటలు ఎక్కువున్న సీన్లు అక్కడ పెట్టుకుంటే గంటగంటకీ వెలుగు మారి కంటిన్యుటీ (షాటుకీ షాటుకీ పొంతన) చెడదు. ఒక్కటి గుర్తుంచుకో, మనవైపు పొద్దు త్వరగా వాలుతుంది. డిసెంబరులో సాయంత్రం 5 దాటిన పావుగంటకే సూర్యుడు ఉండడు, ఆ తర్వాత నీలం వెలుగు ఇరవై నిమిషాలు. మేడ మీది సీను ఆ ఇరవై నిమిషాల్లో అని రాసుకున్నావు. అందులో నాలుగు షాట్లు అవ్వవు. ఒకే షాట్ పెట్టుకుని నాలుగింటి నుంచి రిహార్సలు చెయ్యి.

నడిమి వాకిలికి పాత చిట్కా ఉంది. సత్యజిత్ రాయ్ 1956 నాటి ‘అపరాజితో’లో కాశీ ఇంటి వాకిలిని స్టూడియోలో సెట్టు వేసినప్పుడు కెమెరామన్ సుబ్రతో మిత్ర పైన తెల్లగుడ్డ పరిపించి, కింది నుంచి లైట్లు దాని మీదికి కొట్టి, ఆకాశం నుంచి దిగినట్టు నీడల్లేని వెలుగు తెచ్చాడు. నీకు నిజం ఆకాశమే ఉంది. పలచటి తెల్ల మల్లుగుడ్డ ఒక పొర వాకిలి మీద తాళ్లతో బిగించి కట్టు, ఎండ మెత్తబడుతుంది. గాలికి గుడ్డ ఊగితే ముఖం మీద వెలుగు కూడా ఊగుతుంది, అందుకని నాలుగు మూలలే సరిపోవు, అంచు పొడుగునా రెండేసి అడుగులకి ఒక ముడి. ముఖానికి ఎదురుగా థర్మాకోల్ షీటు, అది ఎక్కువనిపిస్తే అవతలి పక్క నల్లదుప్పటి వేలాడదీయి. ముఖం ఒక చెంప తెల్లగా, ఒక చెంప చీకటిగా రావడానికి లైటు కంటే ఆ దుప్పటే ఎక్కువ సాయం చేస్తుంది.

రంగుల విషయంలో నీలం అంటే దుఃఖం, పసుపు అంటే ప్రేమ అన్న లెక్క మానెయ్. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగుని తెలుపు అనుకోవాలో కెమెరాకి చెప్పేది) ఆటోలో వదలకు, సినిమా అంతటికీ 4300 కెల్విన్ దగ్గర కట్టెయ్. కెల్విన్ అంకె తక్కువైతే ఎర్రటి వెలుగు, ఎక్కువైతే నీలపు వెలుగు. అప్పుడు 2700 కెల్విన్ బల్బు వెచ్చగా, బయటి పగలు చల్లగా, వీధి ఎల్‌ఈడీ దీపాలు ఇంకా చల్లగా వాటంతట అవే పడతాయి. మగ్గం గదిలో ట్యూబులైటు తీసేసి బల్బు పెట్టు, ముందు గదిలో ట్యూబులైటు ఉంచెయ్. ఆమె పని చేసే చోటు వెచ్చన, అతను పడుకునే చోటు చల్లన. ఎవరూ గమనించరు, అందరికీ తెలుస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. అందుకని సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 పెట్టు. స్లోమోషన్ కావాలంటే 50 ఫ్రేములు, 1/100. 60 ఫ్రేముల్లో 1/120 పెట్టావా, తెర మీద చారలు పాకుతాయి. ఎండలో 1/50 దగ్గరే ఉండాలంటే ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే చురుకు) 100లో కూడా ఎఫ్ 22 అడుగుతుంది. ఎఫ్ 5.6కి రావాలంటే నాలుగు స్టాపులు కోయాలి (ఒక్కో స్టాపుకీ వెలుగు సగం), అంటే వెలుగుని పదహారో వంతు చేసే నల్లద్దం, ఎన్‌డీ 16 ఫిల్టరు. కొనాల్సింది ఏదైనా ఉంటే అదొక్కటే.

బడాబజారు. నువ్వు కెమెరా చేత్తో పట్టుకుని జనంలో దూరతానన్నావు. జనం నిన్నే చూస్తారు, ప్రతి షాట్‌లో ఎవరో ఒకరు లెన్సులోకి నవ్వుతూ నిలబడతారు. తెలిసిన షాపువాళ్ల పైఅంతస్తు కిటికీ అడిగి పెట్టుకో, లేదా షాపు లోపలి చీకట్లో ట్రైపాడ్ పెట్టి వీధిలోకి చూడు. నటులకి చొక్కా లోపల మైకు. యాక్షన్ అని అరవకు, ఫోనులో మిస్డ్ కాల్ ఇవ్వు. మొదటి పావుగంట రికార్డు చేయకుండా కెమెరా ఊరికే నిలబెట్టు, చూసేవాళ్లకి విసుగొచ్చి వెళ్లిపోతారు. ఇద్దరూ పక్కపక్కన నడవలేని ఇరుకులో ముందు ఎవరు నడుస్తారో ముందే తేల్చుకో. మొదటిసారి బజారులో అతను ముందు, ఆమె వెనక. రెండోసారి ఆమె ముందు, ఎందుకంటే ఏ సందు ఎటు పోతుందో ఇప్పుడు ఆమెకే తెలుసు. స్టేషన్‌లో పోలీసులకి ముందుగా ఒక కాగితం ఇచ్చి ఉంచు.

ఠాకురాణి యాత్ర (మీ ఊరి అమ్మవారి జాతర) సందడిలో ఒక సీను అని కూడా రాశావు. రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే యాత్ర నీ షెడ్యూలుకి ఎలాగూ కుదరదు. కుదిరినా వద్దు. ఆ వేషాలు, డప్పులు తెరని మింగేస్తాయి, నీ జంట మూలన నిలబడ్డ ఇద్దరు ప్రేక్షకులైపోతారు. పైగా రీటేకు ఉండదు.

స్కూటరు సీను నీ సినిమాకి ప్రాణం, దాన్ని రెండు లైన్లలో తేల్చేశావు. ఇద్దరి శరీరాలూ తగులుతున్నాయి, ముఖాలు ఒకరికొకరికి కనిపించవు. ఇంతకంటే ఏం కావాలి? ఆమె చెయ్యి ఎక్కడ ఉందో అదే సీను. భుజం మీదా, వెనక కమ్మీ మీదా, ఒళ్లోని సంచి మీదా? మొదటి షాట్‌లో కమ్మీ. గుంత వచ్చినప్పుడు ఒక్క క్షణం భుజం. మళ్లీ కమ్మీ. హెల్మెట్లు పెట్టాలి గనక ముఖాలు ఎలాగూ దొరకవు, దిగులుపడకు, చేతులే చాలు. ఇంకో స్కూటరు మీద వెనక్కి తిరిగి కూర్చుని తీయడం లాంటి వేషాలు వేయొద్దు. ఆటో మాట్లాడుకుని, లోపల కూర్చుని, కెమెరా పట్టీ చేతికి చుట్టుకుని, 20 కిలోమీటర్ల వేగం దాటకుండా 18లో తియ్యి. తెల్లారి ఆరున్నరకి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. అద్దంలో ఆమె కళ్లు అని ఒక షాట్ రాశావు. స్కూటరు అద్దం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, అందులో ముఖం బాగా చిన్నదవుతుంది. ఆటోఫోకస్ అద్దం మీది దుమ్ముని పట్టుకుంటుంది, ముఖాన్ని వదిలేస్తుంది. బండి ఆపి, చేత్తో ఫోకస్ తిప్పి, లోపలి ముఖం స్పష్టంగా ఉన్నచోట లాక్ చెయ్యి.

రైల్వే స్టేషన్ సీను అనుమతి లేకుండా తలపెట్టకు. అది ఈస్ట్ కోస్ట్ రైల్వే పరిధి, జోనల్ కార్యాలయం ద్వారా రావాలి, నీ మూడు రోజుల షెడ్యూలుకి ఆ కాగితం తిరగదు. అతను రైలు దిగడం మనం చూడక్కర్లేదు. ఇంట్లో ఆమె మగ్గం మీద ఉండగా దూరంగా రైలు కూత వినిపించి, చెయ్యి ఒక క్షణం ఆగి మళ్లీ కదిలితే చాలు.

గోపాల్‌పూర్‌లో సముద్రం తూర్పున. పొద్దున్నే తీస్తే సూర్యుడు వాళ్ల వెనక, మనుషులు నల్లటి ఆకారాలు, ముఖాలు ఉండవు. సాయంత్రం నాలుగు తర్వాత వెలుగు ఊరివైపు నుంచి ముఖాల మీద పడుతుంది. నీకు ముఖాలు కావాలి, సాయంత్రమే వెళ్లు. ఇద్దరూ అలల అంచున, 10 అడుగుల ఎడం, కెమెరా పక్కనుంచి 35 అడుగుల దూరంలో, కిట్ లెన్సు 40 దగ్గర. ఫ్రేము వెడల్పు 20 అడుగులు వస్తుంది. మధ్యలోని 10 అడుగులు ఖాళీ, అందులో నీళ్లు తప్ప ఏమీ లేకుండా చూడు. జీడిపప్పు అమ్మేవాళ్లు, గుర్రంవాళ్లు వస్తే కట్ చెప్పి ఆగు. సముద్రపు గీత మెడల దగ్గర కోయకూడదు, తలల పైనుంచో నడుముల దగ్గరో పోవాలి, దానికి కెమెరా ఎత్తు మార్చడమే దారి. షాట్ కనీసం 40 సెకన్లు, కట్ లేకుండా. ఆ సముద్రం గట్టిది, అలకి వీపు పెట్టి నటులని నిలబెట్టకు. ఉప్పు తుంపర లెన్సు మీద పడితే పొడిగుడ్డతో రుద్దకు, గీతలు పడతాయి. ముందు తడి గుడ్డతో అద్ది తియ్యి. సాయంత్రం ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడుగు.

ఆఖర్న డ్రోను పైకి లేచి ఊరంతా కనపడాలని రాశావు. గోపాల్‌పూర్‌లో సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది, రంగైలుండలో విమానాల రన్‌వే ఉంది. అటు డ్రోను ఎగరేస్తే సినిమా మాట దేవుడెరుగు, పోలీసులకి సంజాయిషీ చెప్పుకోవాలి. అది పక్కన పెట్టినా ఆ షాట్ తప్పు. ఇంతసేపూ అడుగుల్లో కొలిచిన దూరాన్ని వెయ్యడుగుల మీద నుంచి చూపిస్తే అది సున్నా అయిపోతుంది. సత్యజిత్ రాయ్ 1963 నాటి ‘మహానగర్’ చివర భార్యాభర్తలు కలకత్తా జనంలో కలిసిపోతారు. కెమెరా పైకి లేస్తుంది, కానీ వీధి దీపం దాకానే. రెండు బల్బుల్లో ఒకటే వెలుగుతూ ఉంటుంది. అంత ఎత్తు చాలు ఎవరికైనా. నీ ముగింపు ఇంట్లోనే పెట్టు. నాలుగడుగుల దూరం, అతను బ్యాగు జిప్పు తీసి బట్టలు కొక్కేనికి తగిలించడం, ఆమె మగ్గం ఆపకపోవడం. ఎఫ్ 5.6, ఇద్దరూ ఫోకస్‌లో.

ధ్వని గురించి ఎక్కువ రాయను, మీ తమ్ముడికి ఆ పని బాగా తెలుసు. పట్టుచీర మీద కాలర్ మైకు పెడితే ప్రతి కదలికకీ గరగర, ఆమెకి నూలుచీర కట్టించు, పట్టు మగ్గం మీద మాత్రమే కనిపించనీ. సన్నగళ్ల లుంగీ కెమెరాలో అలలు అలలుగా పాకుతుంది, అతనికి గళ్లు వద్దు. ప్రతి గదిలోనూ ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చెయ్యండి. హోరు రాకుండా ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం అందులో పెట్టు, వెళ్లేముందు ఆన్ చేయడం మర్చిపోరు. ఇంట్లో తెలుగు, కొట్టువాడితో ఒడియా అని రాశావు, సరే. అతని నోట మాత్రం కోపమొచ్చినప్పుడు సూరత్ హిందీ దొర్లాలి. ఆమెకి ఆ మాట అర్థం కాకపోతే ఇంకా మంచిది, వివరించకు.

షూటింగుకి వారం ముందు ఆ ఇంట్లో నటులిద్దరినీ ఒక పూట ఊరికే ఉండనీ. కూరలు తరిగించు, మంచినీళ్లు తెప్పించు. వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో ఫోనులో స్టిల్స్ తియ్యి. నువ్వు కాగితం మీద పెట్టిన చోటు కంటే వాళ్లు వెతుక్కున్న చోటు బాగుంటే నోటుబుక్కులో అంకె మార్చు. ఆ పేజీలు, స్టిల్స్ నాకు పంపు, పండగ లోపు చూసి తిప్పి పంపిస్తాను. రోజూ రాత్రి కార్డు రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, ఒక్కొక్క ఫైలూ తెరిచి చూశాకే ఫార్మాట్ చెయ్యి. ఒక డిస్కు మీ ఇంట్లో, ఇంకోటి తమ్ముడి దగ్గర.

అమ్మకి నా నమస్కారం చెప్పు. మల్లుగుడ్డ పర్లాకిమిడిలో చవగ్గా దొరుకుతుంది, వాకిలి కొలత రాస్తే ఇక్కడే కొని బస్సులో పంపుతాను.

మీ మావయ్య